కట్ట విప్పితే ఎన్ని

సోలాపూర్, దాజీ పేట్
30 జూన్ 2024

హర్షదా,

నీ ఉత్తరం అందింది. "శిక్షణ" అనే మాటను రెండు చోట్ల "సిక్షణ" అని రాశావు. టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఉద్యోగం చేస్తూ ఆ మాటే తప్పు రాస్తే ఎలాగే? నెలకొక ఉత్తరమైనా తెలుగులో రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఫోన్‌లో నీ తెలుగు సగం మరాఠీ, సగం ఇంగ్లీషు. పైగా మన ఒక్క గది ఖోలీలో నేను ఫోన్ ఎత్తితే చాలు, అమ్మమ్మ టీవీ గొంతు పెంచుతుంది.

బళ్లు తెరిచారు. నాకు మళ్లీ మూడో తరగతే ఇచ్చారు. తెలుగు మాధ్యమంలో పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. పేటలో మగ్గాలు ఆగిపోయినవాళ్లు, బీడీలు చేసేవాళ్లు చాలామంది కుంభారి దగ్గర కొత్త కాలనీకి వెళ్లిపోయారు. అయినా కొందరు తల్లులు పిల్లలను బస్సెక్కించి ఇక్కడికే పంపుతున్నారు. తాము చదివిన బడి కదా, ఆ మమకారం.

ఇక అసలు సంగతి. మా బడి నడిపే ట్రస్టు వాళ్లు మీ సంస్థతో ఒప్పందం చేసుకున్నారట. నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు? పదిహేను రోజులకొకసారి కోచ్ వచ్చి మా పాఠాలు చూస్తుందట. కబడ్డీ ఆడేవాళ్లకు కోచ్ ఉంటాడని తెలుసు. ఎక్కాలు చెప్పేదానికి కూడా ఉంటుందని ఇప్పుడే విన్నాను.

వచ్చింది. పేరు ఋతుజ. నీకన్నా చిన్నది. దానికి తెలుగు ఒక్క ముక్క రాదు! తెలుగు బడికి తెలుగు రాని పిల్లను పంపిన మీ తెలివికి దండం పెట్టాలి. వెనక బల్ల మీద గంటసేపు కూర్చుంది. తర్వాత వరండాలో నాతో మరాఠీలో ఏమందో తెలుసా? "బాయీ, నాకు భాష అర్థం కాలేదు. అందుకని పిల్లల ముఖాలే చూస్తూ కూర్చున్నాను. కిటికీ పక్క వరసలో ఎవరూ ఒక్కసారి కూడా నోరు తెరవలేదు."

ఒళ్లు మండింది. అది పుట్టకముందు నుంచి నేను సుద్దముక్క పట్టుకుంటున్నాను. వచ్చేసారి నా పాఠాన్ని వీడియో తీస్తానంది. మా హర్షదను అడిగి చెబుతానన్నాను. ఏం చెప్పమంటావు?

మీ అమ్మ భివండీ నుంచి నిన్న ఫోన్ చేసింది. అందరూ బాగున్నారు. వర్షంలో తడవకు.

నీ చిన్నమ్మ
జయశ్రీ


పుణె
14 జూలై 2024

చిన్నమ్మా,

"శిక్షణ" పదిసార్లు రాశాను. ఈ కాగితం వెనక చూడు.

ఒప్పందం సంగతి ముందే చెప్పకపోవడానికి కారణం ఉంది. చెబితే నువ్వు ట్రస్టు ఆఫీసుకు వెళ్లి "మా అక్క బిడ్డ సంస్థ" అని గర్వంగా చెప్పేదానివి. తర్వాత నీ పాఠం బాగుందని ఎవరైనా అంటే, మిగతావాళ్లు అది నా వల్లే అనేవారు. నేను హెడ్ ఆఫీసులో శిక్షణ పాఠాలు తయారు చేస్తాను. బడులకు వెళ్లను. అందుకే నీ దగ్గరికి నేను రాలేదు.

ఋతుజ మంచి పిల్ల. తెలుగు తెలిసినవాళ్లు మాకు ఇంకెవరూ లేరు, నిజమే. కానీ ఒక మాట చెప్పు. తను కిటికీ వరస గురించి చెప్పింది అబద్ధమా?

కోచ్ అంటే తనిఖీ చేసే అధికారి కాదు, చిన్నమ్మా. మార్కులు వేయదు, పైకి చాడీలు చెప్పదు. టీచర్ ఒక్కతే ఒక గదిలో ఏళ్ల తరబడి పాఠం చెబుతుంది. బాగుందో బాగాలేదో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నువ్వే అనేదానివి కదా, "ఇన్‌స్పెక్టర్ వస్తే రిజిస్టర్ చూస్తడు, పాఠం చూడడు" అని. ఇప్పుడు ఒకరు పాఠం చూడడానికే వచ్చారు.

వీడియో తీయనివ్వు. అది నీకూ ఋతుజకూ మధ్యే ఉంటుంది. ఇంకెవరూ చూడరు. ఆ మాట నాది.

అమ్మమ్మకు మోకాళ్ల నూనె పంపుతున్నాను.

ప్రేమతో
హర్షద


సోలాపూర్
25 ఆగస్టు 2024

బిడ్డా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఋతుజ వీడియో తీసింది. బడి వదిలాక ఖాళీ తరగతిలో కూర్చోబెట్టి, ఫోన్ నా చేతికిచ్చి, "మీరే చూడండి. నేనేమీ అనను" అంది.

యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసివేయాలి. రెండులోంచి ఏడు పోదు, కాబట్టి పక్కనున్న పదుల్లోంచి ఒక కట్ట తెచ్చి విప్పాలి. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాను. "కట్ట ఇప్పినం. ఇప్పుడు ఏడు తీస్తే ఒకట్ల జాగల ఎంత?" అని అడిగితే కిటికీ పక్కన సాక్షి అనే పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్ల చెయ్యెత్తడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. "ఇరవై, టీచర్" అంది.

నేనేమన్నానో వీడియోలో విన్నాను. "ఒకట్ల జాగల ఇరవయ్యా? నీ తలకాయల మెదడున్నదా, తంబాకున్నదా?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి బోర్డు వైపు తిరిగాను.

బోర్డు వైపు తిరిగాక నా వెనక ఏం జరుగుతుందో ఇన్నేళ్లలో మొదటిసారి చూశాను హర్షదా. సాక్షి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దించాలని తోచలేదు దానికి. తర్వాత మెల్లగా దించి తొడ కింద పెట్టుకుంది. పాఠం అయ్యేదాకా తల ఎత్తలేదు. పక్కపిల్ల గిల్లి ఏదో అంటే నేలను చూస్తూ ఉండిపోయింది. వాళ్ల అమ్మ అంకిత కుంభారి కాలనీలో ఆ పొగాకే చుట్టి బీడీలు చేస్తుంది. తరగతిలో సగం మంది తల్లుల పని అదే. ఆ మాట ఎలా వచ్చింది నా నోట్లోంచి? అలవాటుగా వచ్చింది. అంతకన్నా ఏం చెప్పను?

ఋతుజకు ఆ మాట అర్థం కాలేదు. అనువదించి చెప్పమని అడగలేదు కూడా. ఒక్కటే అడిగింది. "ఆ పిల్లకు ఆ జవాబు ఎలా వచ్చిందో మీరు అడిగారా?"

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పాను. అమ్మమ్మ బీడీల చాట పక్కన పెట్టింది. "ఈ తంబాకుతోనే కదనే నిన్ను టీచర్‌ను చేసింది" అంది. ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

సాక్షిని అడిగాను. చెప్పలేదు. మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి మొన్న నీళ్ల నల్లా దగ్గర, బడి పక్క మగ్గాల చప్పుడులో వినీ వినబడకుండా చెప్పింది. "మీరే కట్ట ఇప్పుమన్నరు కద టీచర్. మా అమ్మ కట్టల ఇరవై అయిదు ఉంటయి."

రెండుకు ఇరవై అయిదు కలిపితే ఇరవై ఏడు. ఏడు తీస్తే ఇరవై. లెక్క సరిగానే చేసింది బిడ్డ. కట్ట అంటే పది అని నేను అనుకున్నాను. ఎవరి కట్టలో ఎన్ని ఉంటాయో అడగలేదు.

నువ్వు పంపిన పిల్ల గురించి ముందు ఉత్తరంలో రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. దానికి ఈ మాట నువ్వే చెప్పు. నాకు సిగ్గు.

జయశ్రీ


పుణె
8 సెప్టెంబర్ 2024

చిన్నమ్మా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయాక చూసుకున్నాను.

ఇన్నేళ్ల అనుభవమున్న టీచర్ తనను తాను ఇలా చూసుకోవడం నేను వినలేదు. మా దగ్గర చాలామంది వీడియో చూసి "ఆ రోజు కరెంటు లేదు, పిల్లలకు జ్వరం" అంటారు. నువ్వు ఒక్క సాకు చెప్పలేదు. మేము శిక్షణలో చెప్పాలని తంటాలు పడేదంతా నీ ఒక్క ఉత్తరంలో ఉంది.

ఒకటి అడుగుతాను, కాదనకు. ఆ వీడియో నేనొకసారి చూడవచ్చా? ఋతుజను అడిగితే "జయశ్రీ బాయి ఒప్పుకుంటేనే ఇస్తాను" అంది. నాకు తెలుగు వచ్చు కాబట్టి నువ్వూ పిల్లలూ మాట్లాడింది మొత్తం అర్థమవుతుంది. చదువుకోవడానికే.

ఇక్కడ గణపతి డోలు మోత. చెవులు మూసుకుని రాస్తున్నాను. తప్పులుంటే తిట్టకు.

నీ హర్షద


సోలాపూర్
15 డిసెంబర్ 2024

హర్షదా,

ఉత్తరం ఆలస్యమైందని అలిగావా? ఎన్నికల పనులు, తర్వాత పరీక్షలు. వీడియో సంగతి ఋతుజతో అప్పుడే చెప్పేశాను. "హర్షదకు ఇవ్వు. నా బిడ్డ చూస్తే నాకేం సిగ్గు?" అన్నాను. అందే ఉంటుంది.

ఈ నెలల్లో ఋతుజ దగ్గర ఎన్ని నేర్చుకున్నానో రాస్తే కాగితం చాలదు. ఒక్కసారి వచ్చినప్పుడు ఒక్క సంగతే పట్టుకుంటుంది. ప్రశ్న అడిగాక కాసేపు ఆగమంది. ఎంత కష్టమే అది! నా నోరు ఆగదు. లోపల పది లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఎనిమిదికి వచ్చేసరికి ఎన్నడూ మాట్లాడని పిల్లవాడు మాట్లాడాడు. తప్పు చెప్పిన పిల్లను "ఎట్ల అచ్చింది, చెప్పు" అని అడగడం అలవాటైంది. మొదట్లో పిల్లలు భయపడ్డారు. ఎట్ల అని అడిగితే తిట్టబోతున్నానని అనుకున్నారు.

పోయిన వారం మళ్లీ కట్టల పాఠమే చెప్పాను. "మీ ఇంట్ల కట్ట అంటే ఎన్ని?" అని మొదలుపెట్టాను. ఒకడు ఆకుల కట్ట అన్నాడు, ఒకతి నూలు కట్ట అంది. సాక్షి బోర్డు దగ్గరికొచ్చి, సుద్ద పట్టుకుని, "మా అమ్మ కట్ట ఇరవై అయిదు. లెక్కల కట్ట పది. ఏ కట్ట ఇప్పుతున్నమో ముంగటనే అడగాలె" అని తరగతికి చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఋతుజ అది కూడా వీడియో తీసింది, నీకు పంపమన్నాను. తీస్తూ తీస్తూ అది ఏడుస్తోంది. భాష రాకున్నా ఏడ్చింది.

ఇప్పుడు సాక్షి రోజుకు పది ప్రశ్నలు అడుగుతోంది. పాఠం సాగనివ్వడం లేదు!

రిటైరయ్యేలోపు ఇది జరిగింది, అదే నా భాగ్యం. మీ సంస్థ చల్లగా ఉండాలి.

చిన్నమ్మ


పుణె
12 జనవరి 2025

చిన్నమ్మా,

మంచి వార్త. నన్ను శిక్షణ విభాగానికి సీనియర్‌ని చేశారు. పోయిన వారం ఇక్కడ పెద్ద శిక్షణ శిబిరం జరిగింది. చాలా జిల్లాల నుంచి టీచర్లు, అధికారులు వచ్చారు. మొదటి ఉపన్యాసం నాది.

అందులో నీ పాఠం చూపించాను. వెనక వరసలో ఒక మేడమ్ కళ్లు తుడుచుకోవడం నా కళ్లారా చూశాను. తర్వాత ఎంతమంది వచ్చి నా చెయ్యి పట్టుకున్నారో! నీ పేరు గానీ బడి పేరు గానీ చెప్పలేదు. నీ ముఖం, పిల్లల ముఖాలు మసకగా కనబడేలా చేశాం. కింద మరాఠీ అనువాదం నేనే రాశాను.

ముందే అడగాల్సింది. సమయం లేకపోయింది. ఏమీ అనుకోవు కదా?

మన ఊరి గడ్డా జాతరకు రాలేకపోతున్నాను. అమ్మమ్మను జాగ్రత్తగా తీసుకెళ్లు, జనం ఎక్కువ.

హర్షద


సోలాపూర్
27 జనవరి 2025

నా బంగారు తల్లీ,

ఏమీ అనుకోవడమా? నీ ఉత్తరం అమ్మమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి అమ్మమ్మే చదవమంది.

హెడ్మాస్టర్ బాలయ్య సార్‌కు చెప్పాను. ఆయన ఊరుకుంటాడా! నిన్న జెండా వందనం రోజున ట్రస్టు పెద్దలందరి ముందూ నన్ను పిలిచాడు. "మన దాజీ పేట్ పాఠం పుణెల సూపెట్టిన్రు! లయీ భారీ!" అని మైకులో అరిచి శాలువా కప్పాడు. కొంతం చౌక్ నుంచి పూలదండ తెప్పించారు. మేనేజ్‌మెంట్ ఏనాడూ నా తరగతి గుమ్మం తొక్కలేదు. నిన్న వాళ్లే లేచి నిలబడ్డారు.

సాక్షిని కూడా పైకి పిలిచాను. పుణెలో అందరూ చూసింది దాని లెక్కే కదా. వాళ్లమ్మ అంకిత బీడీ కార్ఖానాకు సెలవు పెట్టి వచ్చింది. "నీ బిడ్డ బోర్డు కాడ నిలవడి చెప్పింది పుణెల పెద్ద పెద్ద సార్లు సూసిన్రు" అని చెప్పాను. చెంగుతో కళ్లు తుడుచుకుని, "ఆ వీడియో మాకు సూపెట్టున్రి టీచర్, కాలనీల అందరికి సూపెడత" అంది. తెప్పిస్తానని మాటిచ్చాను. పంపవే.

ఒక్క సంగతే నాకు నచ్చలేదు. ముఖాలు మసక చేయడం ఎందుకు? మంచి పాఠం చెప్పినదానికి ముఖం దాచుకోవడం ఏమిటి? మీ నియమాలు మీకే తెలియాలి. నా ముఖం పోతే పోయింది, ఆ పిల్ల ముఖమైనా కనబడనివ్వాల్సింది.

నీ ప్రమోషన్‌కు అమ్మమ్మ పేడాలు పంచింది.

నీ చిన్నమ్మ


పుణె
9 ఫిబ్రవరి 2025

చిన్నమ్మా,

శాలువా సంగతి చదివాను. ఏం రాయాలో తోచక ఇన్ని రోజులు ఊరుకున్నాను.

వీడియో బయటికి ఇవ్వకూడదు. ముఖాలు మసక చేయడం కూడా నియమమే. సాక్షి వాళ్లమ్మకు ఏదో ఒకటి నచ్చజెప్పు. ఇంకెవరికీ ఈ విషయం చెప్పకు, దయచేసి.

నీతో ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో వద్దు. ఉగాదికి వచ్చినప్పుడు చెబుతాను.

హర్షద


సోలాపూర్
2 మార్చి 2025

హర్షదకు,

నువ్వు ఉగాదికి చెబుతానన్న మాట పెళ్లి మాటేమో అనుకున్నాం. అమ్మమ్మ ఆ సంబరంలోనే ఉంది. నేను ఆమె సంబరం చెడగొట్టలేదు ఇంకా.

గురువారం పాఠం నడుస్తుండగా అంకిత తరగతిలోకి వచ్చింది. చేతిలో ఫోన్. పిల్లలు కూర్చునే ఉన్నారు. "మీరు చెప్పిన వీడియో అచ్చింది టీచర్. సూడున్రి" అంది. నేను నవ్వుతూ ఎదురెళ్లాను. నవ్వుతూ ఎదురెళ్లాను హర్షదా, అది రాసుకో.

ఎవరో మీ హాల్లో కూర్చుని తెర మీది బొమ్మను ఫోన్‌లో పట్టుకున్నారు. టీచర్ల గ్రూపుల్లో తిరిగి తిరిగి కుంభారి కాలనీ గ్రూపులోకి వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో "ఇలా బోధించకూడదు" అని మరాఠీలో ఉంది. ముఖాలు మసకగా ఉన్నాయి, నువ్వు రాసినట్టే. గొంతు మసక కాలేదు. దాజీ పేట్‌లో నా గొంతు తెలియని ఇల్లు ఏది? అక్కడ నవ్వుతున్న పిల్లల గొంతులు వాళ్ల తల్లులకు తెలియవా?

అంకిత తరగతి నడుమ నిలబడి అడిగింది. "నా బిడ్డ తలకాయల తంబాకున్నదని పుణె దాకా చెప్పిన్రా టీచర్? ఇందుకేనా నన్ను కార్ఖానాకు సుట్టి పెట్టిచ్చి పిలిచిన్రు? శాలువా ఇందుకేనా?"

నేను ఏం చెప్పాలి? అది పాతదని, తర్వాత మారిపోయానని, రెండోది వేరే ఉందని? చెప్పాను. "గా రెండోది ఏది మరి? సూపెట్టున్రి" అంది. నా దగ్గర లేదు. నా ఫోన్‌లో ఏదీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో అన్నం తింటుంటే నాలుగో తరగతి పిల్లలు సాక్షిని "ఏ తంబాకూ" అని పిలిచారు. ఇప్పుడు బడిలో దాని పేరు అదే. ప్రశ్నలు అడగడం మానేసింది. చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటోంది.

నాకు ఒక సంగతి మింగుడుపడడం లేదు. ఆ వీడియో తీసిన ఋతుజకు కూడా నా మాట ఏమిటో తెలియదు. ఆ హాల్లో ఎవరికీ తెలియదు. తెలుగు వచ్చినదానివి నువ్వొక్కదానివే. నువ్వు కూర్చుని, తప్పు లేకుండా, దానికి మరాఠీ రాశావు. నువ్వు రాయకపోతే అది అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు.

బాలయ్య సార్ ఆఫీసుకు పిలిచి, మాఫీనామా రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. నేనన్న మాటకు మాఫీ అడగడంలో నాకు ఇబ్బంది లేదు. నువ్వు దాన్ని మరాఠీలో అన్నదానికి ఎవరు అడుగుతారు?

జయశ్రీ


పుణె
16 మార్చి 2025

చిన్నమ్మా,

నువ్వు ఎంత తిట్టినా పడతాను. తప్పు చేశాను. శిబిరం ముందు రోజు దాకా నా ఉపన్యాసంలో పస లేదు. మా డైరెక్టర్ "మనసుకు తగిలేది ఒక్కటి తీసుకురా" అన్నారు. నా లాప్‌టాప్‌లో అలాంటిది నీదొక్కటే ఉంది. తెలుగు పాఠం కదా, మరాఠీ టీచర్లు ఎవరికి పంపుకుంటారు, సోలాపూర్ దాకా ఎలా వెళుతుందిలే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక, శాలువా గురించి చదివాక, నిజం చెప్పే ధైర్యం రాలేదు.

కానీ నా మాట కూడా విను. ఆ వీడియో చూసి నువ్వు మారావు. చూపించిన రోజు ఆ హాల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక టీచర్ లేచి "నేనూ ఇలాగే అంటాను" అని అందరి ముందూ ఒప్పుకుంది. ఆమె తరగతిలో ఇంకెవరో సాక్షి ఉంటుంది కదా? ఆ పిల్లకు మేలు జరగదా? ఇలాంటివి దాచుకుంటే టీచర్లు ఎలా నేర్చుకుంటారు? ఇది నన్ను నేను కాపాడుకోవడానికి రాయడం లేదు. నేను నిజంగా నమ్ముతున్నాను.

రెండో వీడియో ఎందుకు చూపించలేదని అడుగుతావు. "ఇలా బోధించాలి" అనేదానికి పుణెలో ఒక ఇంగ్లీషు మీడియం బడి పాఠం ముందే తయారుగా ఉంది. బొమ్మ, శబ్దం బాగున్నాయి. నీదాంట్లో మగ్గాల చప్పుడు ఎక్కువ.

ఇప్పుడు సరిదిద్దే దారి దొరికింది. డైరెక్టర్‌తో మాట్లాడాను. నీ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి, ఈసారి ముఖాలు మసక చేయకుండా, నీ పేరుతో, బడి పేరుతో అన్ని జిల్లాలకూ పంపుదాం. టీచర్ ఎలా మారుతుందో చూపిద్దాం. నీ పరువు నీకు తిరిగి వస్తుంది. సాక్షి తల్లి సంతకం మాత్రం కావాలి. కాగితం ఇందులో పెట్టాను. నువ్వు అడిగితే కాదనదు.

ఉగాదికి రావడం లేదు. నీ ముఖం చూడలేను.

హర్షద


సోలాపూర్
4 మే 2025

హర్షదకు,

నువ్వు పంపిన కాగితం మీద సంతకం లేదు. తిప్పి పంపుతున్నాను.

కుంభారికి వెళ్లాను. సంతకం కోసం కాదు, సాక్షిని బడి మాన్పించవద్దని అడగడానికి. అంకిత కోపంగా ఏమీ లేదు. చాప వేసింది, చాయ్ ఇచ్చింది. ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది. నీ సంస్థ అడిగిన సంగతి దాచకుండా చెప్పాను. కత్తెర ఆపింది.

"మీరు మంచిగ చెప్పిన్రని లోకానికి సూపెట్టనీకి మల్ల నా బిడ్డనే కావాల్నా టీచర్?" అంది. "ముందు మొద్దు అని సూపిచ్చిన్రు. ఇప్పుడు మొద్దు హుషారైంది అని సూపిస్తరా? నా బిడ్డ మొద్దు ఎప్పుడున్నది?"

దీనికి జవాబు నీ డైరెక్టర్ దగ్గర ఉంటే కనుక్కో.

నువ్వు రాసినది చాలాసార్లు చదివాను. అందులో నిజం లేదనను. ఎక్కడో ఒక టీచర్ మారే ఉంటుంది. ఆమె తరగతిలో పిల్లకు మేలు జరిగే ఉంటుంది. కానీ ఆ మేలు కోసం ఎవరి బిడ్డను వాడుకున్నావో ఆ బిడ్డను నువ్వు ఒక్కసారి చూడలేదు, ఇప్పటికీ చూడాలని అనుకోలేదు. మగ్గాల చప్పుడు ఎక్కువ అన్నావు. ఆ చప్పుడులోనే నువ్వు ఎక్కాలు నేర్చుకున్నావు.

ఋతుజ ఉద్యోగం మానేస్తోంది. చివరిసారి వచ్చినప్పుడు రెండో వీడియో తన ఫోన్‌లోంచీ, లాప్‌టాప్‌లోంచీ తుడిచేయమని అడిగాను. "బాయీ, మీరు బాగా చెప్పారనడానికి ఉన్న సాక్ష్యం ఇదొక్కటే" అని బతిమాలింది. తుడిచేయమన్నాను. నా ఎదుటే తుడిచింది. నీ దగ్గర ఇంకా ఉంటే నువ్వూ తుడిచెయ్యి. నిన్ను నమ్మి అడగడం లేదు. అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

మా బడిలో మీ కార్యక్రమం వచ్చే ఏడాది కూడా ఉంటుందట. మీ వాళ్లు పంపిన నివేదికలో మేము బాగా మెరుగుపడ్డామని ఉంది, బాలయ్య సార్ చదివి వినిపించాడు. మెరుగుపడ్డాం నిజమే. ఇప్పుడు కోచ్ వస్తుందంటే టీచర్లు ముందు రోజే జవాబులు నేర్పించి పెడుతున్నారు. బాగా చదివే పిల్లల్ని ముందు బల్లల్లో కూర్చోబెడుతున్నారు. ఎవరి తరగతిలోనూ ఒక్క తప్పు జవాబు రావడం లేదు. నేను మాత్రం ఇంకా ఎట్ల అచ్చింది అని అడుగుతున్నాను. పిల్లలు చెప్పడం లేదు. నా చేతుల వైపు చూస్తున్నారు, ఫోన్ ఉందేమోనని.

మొన్న మే ఒకటిన ఫలితాలు ఇచ్చాం. సాక్షి మూడో తరగతి పాసైంది. అంకిత బడి మార్చడానికి దాఖలా, టీసీ తీసుకుంది. కాలనీ దగ్గర మరాఠీ బడిలో వేస్తారట. అక్కడ ఆ మాట తెలిసినవాళ్లు ఉండరని ఆ తల్లి ఆశ. నువ్వు మరాఠీలో రాసిపెట్టావని నేను దానికి గుర్తు చేయలేదు.

ఆఫీసులో అంకిత వేలిముద్ర వేస్తుంటే సాక్షి గుమ్మం దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కొత్త బడి, కొత్త భాష, అన్నీ కష్టంగా ఉంటాయి మొదట్లో, భయపడకు అన్నాను. తల ఊపింది.

"లెక్క తెల్వకపోతే అక్కడి టీచర్‌ను అడుగుతవు కద?" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. నా మీద కోపం కూడా లేదు దానికి.

"అడుగను టీచర్" అంది.

జయశ్రీ